బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ

మద్రాసు చూసొచ్చిన పాతకాలం తెలుగువాళ్ళని అక్కడ ఏం చూశారని అడిగితే రెండు పేర్లు తప్పకుండా చెప్పేవాళ్ళు. బతికిన కాలేజీ, చచ్చిన కాలేజీ. మొదటిది జూ. రెండోది ఎగ్మూరు మ్యూజియం. తమిళంలో ఉయిర్ కాలేజ్, సెత్త కాలేజ్. ఏది అసలు, ఏది అనువాదం అన్న పంచాయితీ నేను పెట్టను. అప్పటి మద్రాసు వీధుల్లో రెండు భాషలూ ఒకే నోట్లో ఉండేవి.

ఈ పేర్లు వినగానే ఎవరికైనా నవ్వొస్తుంది. బతికున్న జంతువులు ఒకచోట, చచ్చాక గడ్డి కుక్కి నిలబెట్టినవి ఇంకోచోట. అంతవరకూ సరే. మరి కాలేజీ ఎందుకు? పులినీ కోతినీ చూపించే చోటుని కాలేజీ అనాలని ఎవరికి తోచింది? సెలవుల్లో పిల్లల్ని వేసుకుని నాలుగు చోట్ల తిరిగొచ్చే మామూలు సరదా వెనక ఏముందో వెతుకుతూ పోతే, నాకు ఈ ఒక్క మాట దగ్గరే చాలా కథ దొరికింది. తెలుగు వ్యాకరణం దొరికింది, ఒక పులిపిల్ల దొరికింది, చివరికి మా నాయనమ్మ ఊరి రాళ్ళు దొరికాయి.

మొదట నిజంగానే ఒక కాలేజీ ఉండేది. ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్ర ఉద్యోగులకి దక్షిణాది భాషలు నేర్పడానికి ఈస్టిండియా కంపెనీ 1812లో కాలేజ్ ఆఫ్ ఫోర్ట్ సెయింట్ జార్జ్ అనే సంస్థ పెట్టింది. తెలుగు రాకుండా గుంటూరులో శిస్తు వసూలు చెయ్యడం కష్టమని వాళ్ళకి అప్పటికే అర్థమైంది. ఈ కాలేజీ వెనక ఉన్న మనిషి ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళ కన్నడాలతో కలిపి అదో వేరే కుటుంబం అని ఆయన వాదించింది ఇక్కడి పండితుల మధ్య కూర్చునే. ఆ వాదన 1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ముందు చేర్చిన వ్యాసంగా అచ్చయింది. భాషాశాస్త్రంలో అందరూ తల్చుకునే కాల్డ్‌వెల్ పుస్తకం రావడానికి ఇంకా నలభయ్యేళ్ళుంది. ఆ మరుసటేడు, 1817లో, పద్దెనిమిది పందొమ్మిదేళ్ళ చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ కాలేజీలోనే తెలుగు అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. విక్రమార్కుడి కథల్ని తెలుగు వచనంలో రాసిన రావిపాటి గురుమూర్తి శాస్త్రి ఇక్కడి పండితుడే. అంటే మన వచనం పాఠ్యపుస్తకం రూపంలో నడక నేర్చుకున్న చోట్లలో ఇదొకటి. నుంగంబాకంలో దీని తోటబంగళా ఉన్న దారిని ఇప్పటికీ కాలేజ్ రోడ్ అనే అంటారు.

ఈ కాలేజీ మేడ మీదకి 1851లో ఒక మ్యూజియం వచ్చి చేరింది. మద్రాసు లిటరరీ సొసైటీవాళ్ళు తమ దగ్గర పోగుపడిన పదకొండు వందల రాళ్ళ నమూనాల్ని ప్రభుత్వానికి అప్పగిస్తే, వాటితో మొదలైంది. చూసుకోవడానికి ఎడ్వర్డ్ బాల్ఫర్ అనే సైనిక వైద్యుణ్ణి పెట్టారు. జనం వచ్చి చూసి ఏం చూశామని చెప్పుకోవాలి? కాలేజీకి వెళ్ళొచ్చాం అని చెప్పుకున్నారు. మ్యూజియం అన్న మాట అప్పటికి ఏ భాషలోనూ ఎవరి నోటికీ అలవాటు లేదు. 1854లో సామాన్లు పెరిగి మేడ చాలక మ్యూజియం ఎగ్మూరుకి మారిపోయింది. ఆ ఏడే కాలేజీనీ ఎత్తేశారు. భాషల పరీక్షల కోసం వేరే బోర్డు వచ్చింది. అసలు కాలేజీ పోయింది గానీ జనం నోట్లో పేరు మాత్రం సామాన్లతో పాటు బండెక్కి ఎగ్మూరు వచ్చేసింది. ఈ పేరు పుట్టుకకి మామూలుగా చెప్పే కారణం ఇదే. నాకూ ఇదే సబబుగా అనిపిస్తుంది.

ఎగ్మూరులో మ్యూజియం దిగిన ఇంటి పేరు పాంథియన్. ఇప్పటి పాంథియన్ రోడ్ ఆ పేరే. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మద్రాసు తెల్లవాళ్ళు విందులు చేసుకుని, నాట్యాలాడి, నాటకాలు వేసుకున్న చోటు అది. ఊరి వినోదాల్ని నడిపించడానికి ఇరవైనాలుగు మందితో వాళ్ళకో కమిటీ కూడా ఉండేది. తర్వాత అది మూరట్ అనే ఆర్మీనియన్ వ్యాపారి చేతికి పోయింది. 1830లో ప్రభుత్వం ఆయన దగ్గర 28,000 రూపాయలకి తిరిగి కొంది. ఆ ఇంటి గుమ్మంలో అంతకుముందు నల్లవాడు అడుగు పెట్టాడంటే పల్లకీ మోస్తూనో పళ్ళెం మోస్తూనో అయ్యుండాలి. అదే ఇంట్లోకి మ్యూజియం వచ్చాక చంకలో పిల్లతో, కొంగున అటుకుల మూటతో జనం నడిచొచ్చారు. టికెట్టు లేదు. మద్రాసులో మామూలు కుటుంబాల విహారం చరిత్ర ఎక్కడ మొదలైందంటే నేనైతే ఈ గుమ్మం దగ్గరే గీత గీస్తాను.

బాల్ఫర్ నాకు నచ్చిన మనిషి. జనానికి రాళ్ళు చూపించి విజ్ఞానం పంచుదామని కూర్చున్నాడు. కానీ మ్యూజియం ఆవరణలో ఒక పులిపిల్లనీ ఒక చీతానీ కట్టేసేసరికి వేలమంది వాటిని చూడ్డానికే రావడం గమనించాడు. ఇంకొకరైతే ఈ జనానికి బుద్ధి లేదని రిపోర్టు రాసి ఊరుకునేవారు. ఈయన మాత్రం, సరే, బతికున్నవి కావాలంటే బతికున్నవే తెద్దాం అనుకున్నాడు. కర్ణాటక నవాబు గులాం గౌస్ ఖాన్‌ని ఒప్పించి ఆయన దగ్గరున్న జంతువులన్నీ ఇప్పించుకున్నాడు. అలా 1855లో మ్యూజియం పెరట్లోనే జూ పుట్టింది. ఏడాది తిరిగేసరికి అందులో మూడు వందలకి పైగా జీవాలున్నాయి. ఆ 1855లోనే నవాబు చనిపోయాడు. వారసుడు లేడన్న సాకుతో కంపెనీ నవాబు పదవినే రద్దు చేసింది. రాజ్యం అంతకుముందెప్పుడో పోయింది, బిరుదూ పోయింది, ఆయన జంతువులు మాత్రం ఊరి పిల్లలందరి సొత్తయ్యాయి.

ఎనిమిదేళ్ళ తర్వాత, 1863లో, జంతువుల్ని మద్రాసు కార్పొరేషన్‌కి అప్పగించి పీపుల్స్ పార్కుకి తరలించారు. సెంట్రల్ స్టేషన్ పక్కన గవర్నరు ట్రెవెల్యన్ జనం కోసమని వేయించిన 116 ఎకరాల తోట అది. అక్కడా ప్రవేశం ఉచితమే. అప్పుడు ఒక కాలేజీ రెండయింది. బతికినవి బతికిన కాలేజీకి పోయాయి, చచ్చినవి చచ్చిన కాలేజీలో మిగిలాయి. విజ్ఞానం పంచాలనుకున్న దొరతనం పెట్టిన పేర్లు సెంట్రల్ మ్యూజియం, జువలాజికల్ గార్డెన్స్. జనం పెట్టుకున్న పేర్లు ఇవి. రెంటిలో ఏవి నిలిచాయో మనకి తెలుసు.

మా నాయనమ్మది అమరావతికి ఐదారు మైళ్ళ దూరంలో కృష్ణ ఒడ్డున చిన్న ఊరు. బళ్ళో రెండో తరగతి దాటలేదు. పెళ్ళయ్యాక, 1960ల్లో, ఊరివాళ్ళంతా కలిసి బస్సు మాట్లాడుకుని తిరుపతి వెళ్ళారు. గుండ్లు చేయించుకుని అట్నుంచి అటే మద్రాసు వెళ్ళారు. అప్పట్లో తిరుపతి బస్సులకి అది మామూలు దారి. కొండమీద వెంకటేశ్వరస్వామిని చూసుకుని, మద్రాసులో బజుల్లా రోడ్డుకి పోయి ఎన్.టి. రామారావుని చూసుకుంటే గానీ యాత్ర పూర్తయినట్టు కాదు. తెల్లారుజామున ఆయన ఇంటి ముందు బస్సులు వరసగా ఆగేవనీ, ఆయన బయటికొచ్చి అందరికీ కనపడి దణ్ణం పెట్టేవాడనీ ఆ రోజుల మద్రాసు గురించి రాసినవాళ్ళంతా రాశారు. నాయనమ్మ మాత్రం రామారావు గురించి రెండు ముక్కల్లో తేల్చేసేది. “తెల్లగా ఉన్నాడు. మా వెనకామె తోసిందిగానీ లేకపోతే ఇంకాసేపు చూసేదాన్ని.” ఆమె అసలు కథ ఆ తర్వాత మొదలయ్యేది.

“మీ తాతకి పేరొక్కటే తెలుసు, కాలేజీ అని. రిక్షావాణ్ణి అడిగితే ఏ కాలేజీ, బతికిందా చచ్చిందా అన్నాడు. రెండూ అన్నాం.”

ఇంట్లో ఎవరైనా చదువుల గొప్పలు చెప్తుంటే పప్పు రుబ్బుకుంటూనో వక్క కత్తిరించుకుంటూనో తను కూడా మధ్యలో అనేది: “నేనూ కాలేజీకి పొయ్యొచ్చినదాన్నేనే అమ్మాయ్. ఒక్క పూటలో రెండు కాలేజీలు.” మేం నవ్వేవాళ్ళం, తనూ నవ్వేది. అయితే ఆ మాటలో ఉత్త హాస్యమే ఉందని నేననుకోను. తన ఈడు ఆడవాళ్ళకి కాలేజీ అన్న మాటతో ఇంకో రకమైన సంబంధం దొరికే వీలే లేదు. తిమింగలం ఎముకల గూడు కింద నిలబడి తల పైకెత్తి చూడ్డం, అది మన సముద్రంలోనే ఉంటుందని తెలియడం, దానికి పక్షికున్నట్టే పక్కటెముకలుండడం. ఇవన్నీ ఆమె చచ్చేదాకా చెప్పింది. ఆ తిమింగలం 1874లో మంగళూరు తీరానికి కొట్టుకొచ్చింది. పద్దెనిమిది మీటర్లకి పైగా పొడవుంటుంది.

ఆడవాళ్ళ సంగతి మ్యూజియం నడిపినవాళ్ళకీ తట్టకపోలేదు. 1885 నుంచి ఇరవై ఏళ్ళకి పైగా సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ కాలంలో, నెలకో రోజు గోషా స్త్రీల కోసం కేటాయించి ఆ పూట మగవాళ్ళని రానిచ్చేవాళ్ళు కాదు. మంచి పనే. కానీ ఇదే థర్‌స్టన్ మ్యూజియంలో కొలతల గది కూడా పెట్టుకుని మనుషుల తలలూ ముక్కులూ లోహపు కర్కాటకాలతో కొలిచాడు. ఏ కులం ముక్కు ఎంత వెడల్పో లెక్కలు కట్టాడు. 1909లో వచ్చిన ఏడు సంపుటాల కులాలూ తెగల పుస్తకం వెనక ఆ కొలతలున్నాయి. వింతలు చూడ్డానికొచ్చిన జనమే ఆయనకి వింతలు. మన కులాల గురించి ఏది వెతికినా ఆ పుస్తకమే చేతికి తగులుతుంది. తగిలినప్పుడల్లా, ఆ కొలతలు ఇచ్చినవాళ్ళలో పండగ పూట పిల్లకి పులిని చూపిద్దామని వచ్చిన తండ్రి ఎవరైనా ఉన్నాడేమోనని అనుకుంటాను.

ఇక రాళ్ళ సంగతి. నాయనమ్మ చచ్చిన కాలేజీలో తిమింగలాన్నీ ఏనుగు ఎముకల్నీ చూశాక ఒక గదిలోకి పోయింది. అక్కడ గోడలకి చెక్కిన రాళ్ళు అతికించి ఉన్నాయి. తామరపూలు, చక్రాలు, స్తూపాన్ని మోస్తున్నట్టుగా నిలబడ్డ మనుషులు, పూలు కుక్కిన కుండలు. “ఇట్లాంటి రాళ్ళు మా పుట్టింటి కాడ దిబ్బలో వచ్చేవి. మా మేనమామగారింట్లో ఒకదాని మీద బట్టలుతికేవాళ్ళు” అని పక్కామెతో అన్నదట. పక్కామె నమ్మలేదు. మద్రాసు కాలేజీలో పెట్టిన రాయి మీ మేనమామ ఇంట్లో చాకిరేవు బండా అని ఎగతాళి చేసిందట. ఇంటికొచ్చేదాకా ఆ పోట్లాట సాగింది.

నాయనమ్మ చెప్పిందే నిజం. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి రాజధాని మార్చుకుని కొత్త ఊరు కట్టిస్తూ, రాళ్ళ కోసం దీపాలదిన్నె అనే దిబ్బని తవ్వించాడు. అది రెండు వేల ఏళ్ళ కిందటి బౌద్ధ మహాస్తూపం. చెక్కిన పలకలు శివగంగ చెరువు మెట్లయ్యాయి, గోడల్లోకి పోయాయి, కొన్ని కాల్చి సున్నం చేశారు. మన కైఫీయతులు సేకరించిన కాలిన్ మెకంజీ ఆ కబురు విని వచ్చి చూశాడు. మళ్ళీ 1816లో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆ తర్వాత రాబర్ట్‌సన్ అనే అధికారి కొన్ని పలకల్ని మచిలీపట్నం తెప్పించి తను కట్టిస్తున్న పేటలో అలంకారంగా నిలబెట్టాడు. 1845లో వాల్టర్ ఇలియట్ దిబ్బ తవ్వి, దొరికిన వాటిని మద్రాసు పంపాడు.

మద్రాసులో ఎక్కడికి? కాలేజీకే. మనం పైన చెప్పుకున్న కాలేజీ ముందు పచ్చిక మీద అవి ఏళ్ళ తరబడి ఎండకి ఎండి వానకి తడిశాయి. ఈ దృశ్యం నన్ను వదలదు. లోపల దొరలు తెలుగు విభక్తులు వల్లె వేస్తున్నారు. బయట ఆ తెలుగు ఊళ్ళ నుంచే తెచ్చిన రాళ్ళు బోర్లా పడున్నాయి. వాటి మీద అక్షరాలున్నాయి. ఏ వ్యాపారి, ఏ గృహిణి, ఏ భిక్షుణి ఏ స్తంభం ఇచ్చారో బ్రాహ్మీ లిపిలో చెక్కి ఉంది. ఆడవాళ్ళ పేర్లు చాలా ఉన్నాయి. అమరావతి ఒక్క రాజు డబ్బుతో లేచింది కాదు, కుటుంబాలు కుటుంబాలుగా వచ్చి, అమ్మా కూతుళ్ళూ అన్నా చెల్లెళ్ళూ కలిసి తలో పలకా ఇచ్చి కట్టుకున్నది. అదీ ఒక రకం యాత్రే.

వాటిని చేరదీసిందీ బాల్ఫరే. ఆయన కోరితే విలియం టేలర్ అనే పాదరీ ఏ రాయి మీద ఏముందో జాబితా రాశాడు. 1856లో అది అచ్చయింది. ‘ఇలియట్ మార్బుల్స్’ అన్న పేరు అలా నిలబడింది. అవి ఇలియట్‌వీ కావు, మార్బులూ కాదు, పల్నాటి సున్నపురాయి. 1859లో 121 రాళ్ళని ఓడెక్కించి లండన్ పంపేశారు. అక్కడ ఎవరికీ అక్కర్లేక ఒక బండ్ల కొట్టంలో పడేస్తే, 1867లో జేమ్స్ ఫెర్గూసన్ కంటబడ్డాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియంకి చేరి ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. నాయనమ్మ చూసినవి ఎక్కువగా ఆ తర్వాతవి. 1877లో రాబర్ట్ సూయెల్, 1881-82లో జేమ్స్ బర్జెస్ తవ్వాక వచ్చినవి. వాటిని మ్యూజియం గోడల్లో సిమెంటు పెట్టి అతికించేశారు. చెమ్మకి ఉప్పు ఊరి రాయి పొరలు పొరలుగా రాలడం మొదలైంది. తర్వాత వచ్చినవాళ్ళు దశాబ్దాల పాటు ఆ గోడతోనూ ఆ ఉప్పుతోనూ కుస్తీ పట్టాల్సి వచ్చింది. 1942లో సి. శివరామమూర్తి రాసిన అమరావతి శిల్పాల కేటలాగు ఆ గదికి దక్కిన గొప్ప అదృష్టం. ఒక్కో పలక మీద మనుషుల తలపాగా, గాజులు, వీణ, ఇంటి చూరు, అన్నిటినీ పేరుపేరునా గుర్తు పట్టి రాశాడాయన.

ఆ 1942లోనే రెండో కాలేజీకి చావొచ్చింది. ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయి. తర్వాత మద్రాసే అన్న భయంతో ఊరు ఖాళీ అయింది. రైళ్ళ పైకప్పులెక్కి జనం పోయారు, కచేరీలు లోపలి జిల్లాలకి తరలిపోయాయి. బాంబు పడి బోన్లు పగిలితే జంతువులు ఊళ్ళో పడతాయని, పీపుల్స్ పార్కులో ఉన్న సింహాల్నీ పులుల్నీ చిరుతల్నీ కాల్చి చంపారు. అనుకున్నంత దాడి మద్రాసు మీద జరగనే లేదు. యుద్ధం అయ్యాక కొత్త జంతువులొచ్చాయి, బోన్లు నిండాయి, పేరు కూడా బతికిన కాలేజీగానే కొనసాగింది. ఆ సంగతి ఎరిగినవాళ్ళకి అప్పుడా పేరు ఎలా వినిపించిందో.

బీచి గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. ఒక్క విషయం మాత్రం. మనం పాదాలు కూరుకుపోతూ నడిచే ఆ వెడల్పాటి ఇసుక మద్రాసుకి పుట్టుకతో వచ్చింది కాదు. 1875 తర్వాత రేవు కట్టడానికి సముద్రంలోకి గోడలు వేస్తే, దక్షిణం వైపు ఇసుక మేట వేసింది. ఉత్తరాన రాయపురం వైపు అదే సముద్రం ఒడ్డుని కోసుకుపోయింది. మేట వేసిన చోట గవర్నరు గ్రాంట్ డఫ్ 1884లో నడకదారి వేయించి, సిసిలీ ద్వీపంలో తను చూసిన తీరాన్ని తల్చుకుని మెరీనా అని పేరు పెట్టాడు. కోతపడ్డ వైపు బెస్తవాళ్ళు గుడిసెలు వెనక్కీ ఇంకా వెనక్కీ జరుపుకున్నారు. ఆ వైపుకి సెలవు రోజున ఎవరూ పోరు. మెరీనా మీద 1909లో అక్వేరియం కూడా పెట్టారు, మన దేశంలో అదే మొదటిది. రంగు చేపలు చూడ్డానికి జనం విరగబడేవాళ్ళు. యుద్ధం దాన్నీ మింగేసింది.

ఏడాదికొకసారి ఈ చోట్లన్నీ ఒకే రోజు నిండిపోతాయి. దాని పేరు కాణుం పొంగల్. కాణుం అంటే చూసే అని. చూడ్డానికే ఒక పండగ. మూటల్లో పులిహోరా పెరుగన్నం కట్టుకుని బీచికీ జూకీ మ్యూజియంకీ లక్షలమంది కదులుతారు. నాకు మా ఊరి సామెత గుర్తొచ్చి నవ్వొస్తుంది. కనుమనాడు కాకైనా కదలదు అంటాం మనం. వాళ్ళకి మరుసటి రోజు తెల్లారితే ఊళ్ళో కాకి తప్ప ఇంకెవరూ మిగలరు. మద్రాసులో తరాలుగా ఉంటున్న తెలుగిళ్ళు ఈ రెంటినీ పాటిస్తాయి. కనుమనాడు కదలరు, ముక్కనుమనాడు ఇంట్లో ఉండరు.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక మనం మద్రాసుకి చుట్టాలమైపోయాం. మద్రాసు మనదే అన్న నినాదం ఓడిపోయింది. సినిమావాళ్ళూ, అచ్చాఫీసులూ, వ్యాపారులూ ఉండిపోయారు. మిగతావాళ్ళు సెలవులకి వెళ్ళి రావడం మొదలుపెట్టారు. విడిపోవడం గురించి చాలా పుస్తకాలొచ్చాయి. ఆ వెళ్ళిరావడం గురించి ఎవరూ పెద్దగా రాసినట్టు లేరు. మా నాన్నా అమ్మా నన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్ళింది 1984 వేసవిలో. సెంట్రల్‌లో దిగి, సంచులు క్లోక్ రూములో పడేసి, రోడ్డు మీదకొస్తే పక్కనే మూర్ మార్కెట్టు, ఆ వెనకే జూ. ఊళ్ళోకి పోకుండానే సగం మద్రాసు అయిపోయింది. సింహం నిద్రపోతోంది. తమ్ముడు అది చచ్చిందనీ, మనం రెండో కాలేజీకి వచ్చేశామనీ ఏడ్చాడు. మూర్ మార్కెట్టులో నాన్న పాత పుస్తకాల ముందు కూర్చున్నాడు. కొట్టువాడు చెప్పిన ధరలో నాలుగో వంతు దగ్గర బేరం మొదలుపెట్టి, తమిళంలో మొదలై తెలుగులో తిట్టుకుని, చివరికి ఇద్దరూ టీ తాగారు.

ఆ మరుసటి ఏడు, 1985 మే నెల చివర్లో, మూర్ మార్కెట్టు తగలబడిపోయింది. 1900లో కట్టిన ఎర్ర ఇటుకల భవనం. ఇప్పుడక్కడ లోకల్ రైళ్ళ స్టేషను. జులైలో కొత్త జూ వండలూరులో తెరిచారు, ఊరికి ముప్పై కిలోమీటర్లు, 1,265 ఎకరాల అడవి. జంతువులకి అంతకంటే మేలు ఇంకొకటి లేదు, ఆ ఇరుకు బోన్లని తల్చుకుంటే ఇప్పటికీ ఊపిరాడదు. అయితే రెండు నెలల్లో ఊరి పటం మారిపోయింది. రైలు దిగినవాడు నడుచుకుంటూ వెళ్ళి చూసే జూ పోయింది. వండలూరుని ఎవరూ కాలేజీ అనలేదు. జంట విడిపోయాక చచ్చిన కాలేజీ అన్న పేరుకీ అర్థం పోయి, మెల్లిగా మ్యూజియం అనడం మొదలైంది.

అమరావతి రాళ్ళు తిరిగి రావాలా అని నన్ను అడుగుతుంటారు. లండన్‌వి రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. ఎగ్మూరువి? అక్కడ నేను తడబడతాను. ఆంధ్రప్రదేశ్ రాజముద్ర మీద ఉన్న పూర్ణఘటం ఆ శిల్పాల్లోదే, అవి మన నేలవి, అడగడంలో తప్పేం లేదు. కానీ నూట నలభై ఏళ్ళుగా అవి ఉన్నచోటికి తిరుపతి బస్సులొచ్చాయి, గుండ్లు చేయించుకున్న పిల్లలొచ్చారు, మా నాయనమ్మ తన చాకిరేవు బండని అక్కడ గుర్తు పట్టింది. నాకు కోపం వచ్చేది రాళ్ళు అక్కడున్నందుకు కాదు. వాటిని దాటుకుంటూ పోయే మనవాళ్ళలో నూటికొకరికైనా అవి తమవని తెలియనందుకు.

ఈమధ్య ఒక ఆదివారం మా మేనకోడల్ని తీసుకుని వెళ్ళాను. అది ఫోనులో లండన్ మ్యూజియం పేజీ తెరిచి, ఇక్కడ గోడకున్న పలకా అక్కడున్న పలకా ఒకే కటకటాలోవేమోనని పోల్చి చూస్తోంది. నెల్లూరు యాసలో మాట్లాడుకుంటూ ఒక కుటుంబం లోపలికొచ్చింది. చంటిపిల్లవాణ్ణి ఎత్తుకున్న ఆమె నన్ను చూసి, “అక్కా, తిమింగలం ఎటువైపు?” అంది.

చెప్పాను.

“ఇక్కడేముండాయి?”

“మన గుంటూరు రాళ్ళు. అమరావతివి.”

“గుంటూరువా? ఈడికెందుకొచ్చినాయి?” అని ఆగింది. చంకలో పిల్లవాడు అప్పటికే తలుపు వైపు చెయ్యి చాపి గింజుకుంటున్నాడు. “ముందు ఈడికి తిమింగలం చూపించుకోనొస్తా అక్కా, మీరు ఈడనే ఉంటారు గదా?” అంది.

ఉంటానన్నాను.